ఒడి నింపే రత్నమ్మ

రత్నమ్మ అంటే నాకు గిట్టేది కాదు. ఆవిడ కథ రాయడానికి కూర్చున్నది నేనే కాబట్టి ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. పుంగనూరులో ఎరువులు, విత్తనాలు అమ్మే లక్ష్మీపతి భార్య ఆవిడ. మదనపల్లెలో, దెబ్బలకు తాళలేక ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్లు తలదాచుకునే హోం ఒకటుంది. దానికి నేను వార్డెన్ని. నేను చెప్పబోయే రోజుకు ముందు మూడేళ్లలో రత్నమ్మ మా హోంకు పదకొండుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఒక ఆడపిల్లను వెంటబెట్టుకుని పోయింది. ఏ చేతుల నుంచి ఆ పిల్ల పారిపోయి వచ్చిందో మళ్లీ ఆ చేతుల్లోనే పెట్టడానికి తీసుకుపోయింది.

మా హోం అంటే పెద్ద భవనమేమీ కాదు. ఊరి చివర అద్దెకు తీసుకున్న ఇల్లు. ఆరు మంచాలు, ఒక వంటగది, ముందువైపు ఒక ఆఫీసు గది. మొగుడు తన్ని తగిలేసినా, తనే తప్పించుకుని వచ్చినా, కట్టుబట్టలతో వచ్చిన ఆడది ఇక్కడ ఐదు రోజులు ఉండొచ్చు. ఐదంటే ఐదే. ఈ నియమం పెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు గానీ, ఆయన వీపు మీద ఎన్నడూ ఎవరి చెయ్యీ పడి ఉండదు. కమిలిన చెంప రంగు మారడానికే వారం పడుతుంది. ఐదో రోజు సాయంత్రానికి ఆ మనిషి ఎక్కడికి పోతుందో నేను కాగితం మీద చూపించాలి. జిల్లా అధికారి ఒప్పుకుంటే ఇంకో పది రోజులు పొడిగించవచ్చు. ఒప్పుకోవాలంటే ఆయన ముందు ఫోన్ ఎత్తాలి.

మా గేటుకు బోర్డు లేదు. మొగుళ్లకు చిరునామా తెలియకూడదని పైవాళ్లు పెట్టిన షరతు అది. టమోటా మార్కెట్ దగ్గర ఏ ఆటో అతన్ని అడిగినా "మొగున్ని ఇడిసిపెట్టిన ఆడోళ్ల ఇల్లు కదా" అని నేరుగా తెచ్చి మా గేటు ముందే దించుతాడు.

హోం నడిపే సంఘానికి హరినాథ్ అని ఒక కార్యదర్శి ఉన్నాడు. ఆడవాళ్లు ఏడుస్తూ వచ్చే ఫోటోలంటే ఆయనకు చిరాకు. నవ్వుతూ తిరిగిపోయే ఫోటోలంటే ప్రాణం. కలిపిన కుటుంబాలు అని ఏటా రంగుల పుస్తకం ఒకటి వేయించి, దాతలకు పంచిపెడతాడు. ఆ పుస్తకం నిండాలంటే ఎవరో ఒకరు కుటుంబాలను కలుపుతూ ఉండాలి కదా, ఆ పనికి దొరికినవాడు లక్ష్మీపతి. అందుకే ఇంకే మగవాణ్నీ రానివ్వని మా ఆఫీసు గదిలోకి ఆయన చెప్పులు వదిలి నేరుగా వచ్చి కూర్చునేవాడు.

లక్ష్మీపతి తెల్లచొక్కా, తెల్లపంచె కట్టుకుంటాడు. గొంతు ఎత్తి మాట్లాడగా ఎవరూ వినలేదు. "నోరు మంచిదైతే ఊరు మంచిదమ్మా" అనడం ఆయనకు అలవాటు. పురుగుమందు కోసం కొట్టుకు వచ్చిన రైతులు ఇంటి గొడవలు కూడా చెప్పుకునేవాళ్లట. తెగులుకు మందు చెప్పిన నోటితోనే కాపురానికీ ఉపాయం చెప్పేవాడు. అట్లా మొదలై, పుంగనూరు చుట్టుపక్కల నుంచి కుప్పం దాకా ఆలుమగల తగాదా ఎక్కడొచ్చినా ఆయన్నే పిలిచేదాకా వచ్చింది. నలభై కాపురాలు నిలబెట్టానని చెప్పుకుంటాడు. నిలబెట్టినవి నిలిచే ఉన్నాయో కూలిపోయాయో మళ్లీ వెళ్లి చూసిన పాపాన మాత్రం పోలేదు.

ఆయన ఉపాయమంతా ఒడిబియ్యంలో ఉంది. ఆడపిల్ల పుట్టింటి నుంచి అత్తింటికి బయలుదేరేటప్పుడు చీర కొంగు పరిచి పట్టమని, అందులో ఐదు దోసిళ్ల బియ్యం, బెల్లం, ఎండుకొబ్బరి, వక్కాకు, పసుపుకొమ్ములు పోయడం మా వైపు ఆచారం. ముత్తైదువే పోయాలి. ఐదు దోసిళ్లూ పూర్తి కావాలి. ఒడి నిండిన పిల్ల ఇక ఆగకూడదు, వెనక్కి తిరగకూడదు. ఒక్క గింజ నేల రాలినా రెండిళ్లకూ చేటంటారు. కూతురు వట్టి చేతులతో పోకూడదని ఏ తల్లో మొదలుపెట్టిన ఆచారం ఇది, దాన్ని నేను తప్పుపట్టను. నా ఒడి కూడా మా అమ్మ నింపే పంపింది. దాన్ని చేతులకు సంకెళ్లుగా వాడుకోవచ్చని కనిపెట్టిన తెలివి మాత్రం లక్ష్మీపతిదే. "ఈ హోమే నీకు పుట్టినిల్లు అనుకో తల్లీ, మేమే నీ పెద్దోళ్లం" అని రెండు గంటలు మెత్తగా నూరిపోసేవాడు. పిల్ల చెప్పీ చెప్పీ అలసిపోయి నోరు మూసుకోగానే "మౌనం అర్ధాంగీకారం" అని భార్య వైపు చూసేవాడు. రత్నమ్మ బియ్యం బుట్ట తీసుకుని లేచేది.

సేద్యం ఇళ్లలో పుట్టిన పిల్లలు వాళ్లంతా. కాలికింద గింజ పడితే కళ్లకద్దుకుని పెరిగినవాళ్లు. కొంగులో బియ్యం పడుతుంటే విదిలించి పారేయడం వాళ్ల వల్ల కాదు. రెండు చేతులా కొంగు పట్టుకుని, కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేక, కారుతున్న కన్నీళ్లతో అట్లాగే నడిచి కారెక్కేవాళ్లు. మొగుడు వీధి చివర టీ కొట్లో కూర్చుని ఉండేవాడు. పెద్దమనుషులు పని పూర్తి చేశాక వచ్చి ముందు సీట్లో ఎక్కేవాడు.

మొదటిసారి నేను గొడవ పెట్టుకున్నాను. హరినాథ్ నన్ను పిలిపించి, సంసారాలు కూల్చడానికి జీతమిస్తున్నామా అని అడిగాడు. రెండోసారి నుంచి నేనూ టీ పెట్టించి ఇవ్వడం మొదలుపెట్టాను. మొగుడు పోయినదాన్ని కాబట్టి ఒడి నింపే సమయానికి గుమ్మంలో నిలబడకూడదని లక్ష్మీపతి ఎంతో మర్యాదగా పక్కకు జరగమనేవాడు. జరిగేదాన్ని. ఇంత చేతకానితనం కడుపులో పెట్టుకున్న మనిషికి కోపం ఎవరిమీదో ఒకరిమీద పోవాలి కదా. లక్ష్మీపతిని ఏమీ అనలేను, హరినాథ్‌ను అంతకన్నా అనలేను. అందుకని నా తిట్లన్నీ రత్నమ్మకు పోశాను.

ముఖం నిండా పసుపు, రూపాయి బిళ్లంత బొట్టు, చేతులనిండా గాజులు, తలలో మూరెడు కనకాంబరాలు. ఆవిడ చేతికి పుంగనూరులో ఉన్న పేరు మొగుడి నోటికి కూడా లేదు. రత్నమ్మ చెయ్యి చల్లనిదంటారు. సీమంతంలో మొదటి గాజు ఆవిడ తొడగాలి. కొత్త ఇంట్లో పాలు ఆవిడ పొంగించాలి. గుర్రంకొండ కోట కింద ఒక పల్లెలో, వేరుశనగ పండించే ఇంట్లో పుట్టి, ఎనిమిదో తరగతి దాకా చదివి, పందొమ్మిదో ఏట పెళ్లయి వచ్చింది. ఒక్కడే కొడుకు, లోకేష్. ఇప్పుడు కొట్టు అతనే చూసుకుంటాడు. పెళ్లయినప్పటి నుంచి ఒక్కనాడు కూడా అలిగి పుట్టింటికి పోలేదని లక్ష్మీపతి గొప్పగా చెప్పుకునేవాడు. "మా ఇంటామెను సూసి నేర్చుకోండమ్మా" అనేవాడు, చెంపలు వాచిన పిల్లలతో. ఆవిడ తలవంచుకుని బుట్టలో రాళ్లు ఏరుతూ కూర్చునేది.

ఆ వంచిన తల చూస్తే నాకు ఒళ్లు మండేది. పసుపూ పూలూ పెట్టిన గంగిరెద్దు అని మా వంటమనిషి పాపమ్మతో అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. వచ్చిన ప్రతిసారీ రత్నమ్మ మంచినీళ్లు కావాలని లోపలికి వచ్చేది. తాగిన మనిషి తాగినట్టు పోకుండా మంచాల గది దగ్గర ఆగి, లోపలికి చూస్తూ నిలబడేది. ఎవరెవరున్నారో మొగుడికి చేరవేయడానికి కాబోలు అనుకున్నాను. ఒకసారి "ఇక్కడ చూడటానికి ఏమీ లేదమ్మా, ముందు గదిలో కూర్చోండి" అని పంపేశాను కూడా. పోయి కూర్చుంది.

ఇక యమున సంగతి. పోయిన ఏడాది శ్రావణానికి ముందు, ఒక ఆదివారం పొద్దున వచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. పుట్టిల్లు పెద్దతిప్పసముద్రం దగ్గర, ఇచ్చింది రామసముద్రం దగ్గర. మొగుడు సురేంద్ర టమోటా పండిస్తాడు. ధర పడిపోయి, సరుకు మార్కెట్లో పారబోసి వచ్చిన రోజు బాధతో పెళ్లాన్ని కొట్టేవాడు. ధర లేచిన రోజు తాగి వచ్చి సంతోషంతో కొట్టేవాడు. ఈసారి ఆమె పచ్చడి నూరుతుంటే ఆ బండే లాక్కుని కొట్టాడు. కుడి ముంజేతిలో రెండు ఎముకలు విరిగాయి. ఆసుపత్రిలో కట్టు వేసిన నర్సు మా ఇంటి గుర్తులు చెప్పి పంపింది.

మొదటి రోజే నాకు ఒక మాట చెప్పింది. "మేడం, ఈ తూరి పోతే నేను బతకను. ఆ బండ తలకాయకు ఎత్తినాడు. చెయ్యి అడ్డం పెడితే చెయ్యి ఇరిగింది. మల్లొకసారి అడ్డం పెట్టేదానికి నాకు చెయ్యి ల్యాదు."

ఆ పిల్ల ఏడవలేదు. చుట్టాలింటికి పోయే బస్సు ఎన్ని గంటలకో చెప్పినంత మామూలుగా చెప్పింది. సోమవారమే పొడిగింపు కోసం అధికారికి కాగితం పంపాను. మంగళవారం ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నారన్నారు. బుధవారం ఇంకో మీటింగులో ఉన్నారు. ఐదో రోజు గురువారం. ఆ రోజు పది గంటలకు లక్ష్మీపతి కారు మా గేటు ముందు ఆగింది. వెనక సీట్లోంచి రత్నమ్మ బుట్ట పట్టుకుని దిగింది. సురేంద్ర దిగి, తలదువ్వుకుని, టీ కొట్టు వైపు నడిచాడు.

లక్ష్మీపతి ఆఫీసు గదిలో కుర్చీ లాక్కుని కూర్చుని మొదలుపెట్టాడు. "అమ్మా యమునా, మొగోడన్నాక కోపం ఉంటాది. పంటకు తెగులొచ్చిందని సేను ఇడిసిపెట్టి పోతామా? మందు కొట్టుకోవల్ల, నిలబెట్టుకోవల్ల."

"నేను పోను పెద్దప్పా," అంది యమున.

"కోపంలో అట్లనే అనిపిస్తాది. వాడు టీకొట్టుకాడ కూకోని ఏడస్తాండాడు తెలుసునా? మొగోడు ఏడస్తాండాడంటే యోచన చెయ్యి."

మా కిటికీలోంచి టీ కొట్టు కనిపిస్తుంది. ఏడుస్తున్నవాడు బజ్జీ తింటున్నాడు.

"నేను పోను," అంది మళ్లీ.

ఆయన తొణకలేదు. జేబులోంచి ఫోన్ తీసి యమున తల్లికి చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. ముందురోజే ఆమెతో అన్నీ మాట్లాడి పెట్టుకుని ఉంటాడు, ఆ మాత్రం ముందుచూపు లేకపోతే నలభై కాపురాలు ఎట్లా నిలబడతాయి. తల్లి గొంతు గరగరమంటూ వచ్చింది. "ఈడికి రావద్దు బిడ్డా. మీ వొదిన ఒప్పుకోదు. నిన్ను యాడ పెట్టుకునేది మేము? పెద్దోళ్లు చెప్పినట్ల ఇని మొగునికాడికి పో."

"అమ్మా, నా చెయ్యి..." అనబోయింది యమున. అప్పటికే అవతల ఫోన్ పెట్టేశారు.

ఆ తర్వాత ఆ పిల్ల నోరు విప్పలేదు. గోడ వైపు చూస్తూ నిలబడిపోయింది. లక్ష్మీపతి అర నిమిషం ఆగి, "మౌనం అర్ధాంగీకారం," అన్నాడు. నా వైపు తిరిగి, "వార్డెనమ్మా, కొంచెం పక్కకు," అన్నాడు. నేను జరిగాను. జరిగి, లోపలి గదిలోంచి అధికారికి మళ్లీ ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. అంత వయసొచ్చి, ఇరవై నాలుగేళ్ల పిల్లను నా కళ్ల ముందే చావుకు పంపిస్తుంటే ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడటం తప్ప నాకేమీ చేతకాలేదు.

తలుపు సందులోంచి ముందు గది కనిపిస్తూనే ఉంది. యమున పాపమ్మ ఇచ్చిన చీర కట్టుకుని ఉంది. రత్నమ్మ ఆ పిల్ల దగ్గరికి వెళ్లి కొంగు పరిచింది. యమున ఎడమ చేత్తో ఒక కొస పట్టుకుంది. కుడి చెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది, రెండో కొస జారిపోయింది. రత్నమ్మ తీసి మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది.

"చెయ్యి నిలబడల్యా ఈ బిడ్డకు," అంది రత్నమ్మ. ఆవిడ గొంతు నేను సరిగ్గా వినడం అదే మొదలు.

"నువ్వు పట్టుకోని పొయ్యి. టైమైతాండాది," అన్నాడు లక్ష్మీపతి.

ఆవిడ ఆ కొసను తన చంకలో ఇరికించుకుంది. అట్లా ఇరికించుకుంటే ఇద్దరి తలలూ దాదాపు తగులుతున్నాయి. రెండు చేతులూ బుట్టలో పెట్టి మొదటి దోసిలి పోసింది. రెండోది పోసింది. మూడోదానికి చేతులు బుట్టలోకి పోయాయి గానీ పైకి రాలేదు. యమున కట్టు చివర బయటికొచ్చిన వేళ్లు నల్లగా, వంకాయల్లా ఉబ్బి ఉన్నాయి. రత్నమ్మ వాటినే చూస్తూ ఉండిపోయింది.

"ఏమే, కానీ," అన్నాడు లక్ష్మీపతి.

"వార్డెనమ్మా," అని పిలిచింది రత్నమ్మ, తల తిప్పకుండానే. "కుప్పం బిడ్డ, వసుధ. మతికుండాదా నీకు?"

ఉంది. అంతకుముందు ఏడాది వచ్చిన పిల్ల. ఒడి నిండా బియ్యంతో వసుధ నిలబడిన ఫోటోను హరినాథ్ తన పుస్తకానికి అట్టగా వేయించాడు. గుమ్మం దాటి ముందు గదిలోకి వచ్చి, ఉందని చెప్పాను.

"ఈ చేతుల్తోనే ఒడి నింపి పంపిస్తిని. ఇరవై దినాలు కాకముందే కబురొచ్చె. మేమిద్దరం కుప్పం పోతిమి. పోలీసు కేసు వద్దని ఈయప్ప బయట రెండు పక్కలోళ్లకూ రాజీ మాట్లాడతాండాడు. నన్ను ఆడోళ్లు లోపలికి పిలిచిరి. నా చెయ్యి మంచిదని, ఆ బిడ్డ నోట్లో బియ్యం నన్నే మొదల ఎయ్యమనిరి. ఏసినాను. నోరు సరిగ్గా తెరుసుకోల్యా. దవడ ఇరిగిండాది."

వసుధ చనిపోయిందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రంగుల పుస్తకం నా వెనక బీరువాలో పాతిక కాపీలు కట్ట కట్టి ఉంది. లక్ష్మీపతి మాత్రం చిన్నగా నవ్వి, "బీపీ మాత్ర ఏసుకోల్యా పొద్దున. ఇట్లనే మాట్లాడతాది," అన్నాడు నాతో.

రత్నమ్మ బుట్ట కింద పెట్టింది. యమున కొంగులో పోసిన రెండు దోసిళ్లనూ మళ్లీ దోసిళ్లతో తీసి బుట్టలో వేసింది. కొంగు మడతల్లో ఇరుక్కున్న గింజలు కూడా ఒక్కొక్కటీ ఏరింది. ఒక్కటీ నేల రాలనివ్వలేదు. అంతా అయ్యాక కొంగు దులిపి యమున భుజం మీద వేసింది. "పో బిడ్డా, లోపలికి పో," అంది.

నింపిన ఒడి దించడం నేను ఎక్కడా చూడలేదు, వినలేదు. లక్ష్మీపతి కూడా విని ఉండడు. ఐదు దోసిళ్లూ పూర్తి కానిదే ప్రయాణం పనికిరాదని మా అందరికీ ఇన్నాళ్లూ చెప్పింది ఆయనే. వేరే ముత్తైదువను తెచ్చి పోయిద్దామన్నా ఒకసారి దించిన ఒడి మళ్లీ నింపడానికి ఎవరు ముందుకొస్తారు. ఆయన లేచి నిలబడి, పంచె సర్దుకుని, భార్యతో ఎప్పటి మెత్తని గొంతుతోనే అన్నాడు. "రా. ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

అప్పుడే సురేంద్ర గేటు దగ్గరికి వచ్చి, "ఏమప్పా, అయిపాయనా?" అని అడిగాడు.

"ఒడి సగంలో ఆగిపాయ. ఈ పొద్దు మంచిది కాదు. మల్లొక దినం సూద్దాం," అన్నాడు లక్ష్మీపతి.

సురేంద్ర మొహం పాలిపోయింది. పెళ్లాం చెయ్యి బండతో చితక్కొట్టడానికి వారమూ వర్జ్యమూ చూడని ఆ మగధీరుడు, సగం నిండిన ఒడికి భయపడ్డాడు. గొడవ చేయలేదు, అరవలేదు. గబగబా పోయి బస్సెక్కాడని తర్వాత టీ కొట్టు ఆయన చెప్పాడు.

నేను యమునను పట్టుకుని ఉన్నాను. ఆ పిల్ల అంతసేపూ బిగబట్టుకున్న వణుకంతా అప్పుడు మొదలైంది. గేటు వేయడానికని ఆమెను పొదివి పట్టుకునే వాకిట్లోకి వచ్చాను. లక్ష్మీపతి, రత్నమ్మ కారెక్కారు. తలుపులు పడిన చప్పుడు వినిపించింది. కారు వెంటనే కదల్లేదు, కాసేపటికి కదిలింది. నేను అటు తిరిగి చూడలేదు. గెలిచామన్న సంతోషంలో ఉన్నాను. పైగా రత్నమ్మ మీద నా కసి ఇంకా పూర్తిగా పోలేదు. పదకొండు మందిని పంపి ఒకరిని ఆపింది, ఏదో ఉద్ధరించింది లే అనుకున్నాను. పాపమ్మను పిలిచి యమునకు పాలు కాచి ఇమ్మన్నాను.

సాయంత్రం నాలుగు గంటలకు అధికారి తనే ఫోన్ చేసి, పది రోజులు పొడిగించానన్నాడు. అంత సులువుగా అయ్యే పని అది. ఆ తర్వాత యమున తిరుపతిలో ఎక్కువ రోజులు ఉంచుకునే హోంలో ఆరు నెలలు ఉంది. ఇప్పుడు కుప్పంలో ఒక బట్టల కొట్లో పనిచేస్తోంది. చూపుడు వేలు మడవలేదు గానీ, చీరలు మడతపెట్టడం ఎడమ చేత్తో నేర్చుకుంది. నెలకోసారి ఫోన్ చేస్తుంది.

ఒడి ఆగిన గురువారం తర్వాత ఆరో రోజు మధ్యాహ్నం, గేటు చప్పుడైతే పోయి చూశాను. రత్నమ్మ ఒక్కతే నిలబడి ఉంది. నా కళ్లు ముందు వీధి అటూ ఇటూ కారు కోసం వెతికాయి. యమున ఇంకా మా దగ్గరే ఉంది. ఈవిడ మళ్లీ మొగుడి మాట విని ఆ పిల్ల కోసమే వచ్చిందనుకున్నాను. మొహంలో మొహం పెట్టి అబద్ధం చెప్పాను.

"యమున ఇక్కడ లేదమ్మా. పంపించేశాం."

"ఆ బిడ్డ కోసం రాలేదమ్మా," అంది. "మంచం ఉండాదా?"

అప్పుడు సరిగ్గా చూశాను. ఎడమ కన్ను సగమే తెరుచుకుంటోంది. పసుపు లేని ముఖం మీద దెబ్బ పాతబడి పచ్చగా మారింది. జుట్టు ముడి వేసుకుంది గానీ, చెవి పైన అరచేతి మందాన వెంట్రుకలు లేవు. పుంగనూరులో బస్సెక్కి, మదనపల్లెలో దిగి, ఆటోవాళ్లనెవరినీ అడగకుండా నడిచే వచ్చిందట. లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఏం మాట్లాడాలో తోచక, వచ్చినవాళ్ల వివరాలు రాసుకునే ఫారం తీశాను. ఎదుటి మనిషి కళ్లలోకి చూడలేనప్పుడు మా ఉద్యోగంలో అదొక సదుపాయం.

పేరు రాశాను. వయసు యాభై ఒకటి అంది. కొట్టినవాళ్లు ఎవరని అడిగాను. మొగుడి పేరు చెప్పడానికి ఒక్క క్షణం తడబడి, చెప్పింది. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను.

"పెండ్లయిన మూడో నెల నుంచి. గొంతెత్తడు కదా, పక్కింటికి గూడా తెలీదు. కొడుక్కు తెలుసు. వాడు కొట్లోకి పోయి కూకుంటాడు."

"ఇన్నేళ్లూ ఎవరికైనా చెప్పారా అమ్మా?"

"ఎవురికి చెప్పేది? ఎవురింట్లో కొట్లాటొచ్చినా ఆయప్పకాడికే వస్తారు."

సిగ్గుతో చచ్చిపోయాను అనే మాట చాలాసార్లు వాడాను, దాని అర్థం ఆ మధ్యాహ్నమే తెలిసింది. ఫారంలో తర్వాతి ప్రశ్న చదివాను. చివరిసారి ఎప్పుడు, ఎక్కడ కొట్టారు?

"ఆ బేస్తవారమే. ఇంటికి పోయినాక మూడు దినాలు లెయ్యనియ్యల్యా. ఈ కంటి మిందిది మటుకు ముందే తగిలిండాది." ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు, అడిగినదానికి జవాబు చెబుతోంది అంతే. "కారు తలుపేస్తానే మొదలుపెట్నాడు. ఇంగా మీ గేటు ముందరే ఉండాది బండి. నువ్వు ఆడనే నిలబడుండావు, ఆ బిడ్డను పట్టుకోని."

సంఘటన జరిగిన చోటు అన్న గడిలో మా హోం చిరునామా రాశాను. చూసినవాళ్ల పేర్లు రాయాల్సిన గడిని ఖాళీగా వదిలేసి, ఆవిడకు పక్క వేయడానికి లేచాను.